జేజి అరుగు మీదికి వచ్చినవాళ్ళు

మొన్న శివరాత్రి నాడు, తెల్లవారుజామున నాలుగు దాటాక, మా ఊరి గుడి ముందర తోలుబొమ్మలాట కోసం రెండు తెల్లపంచెలు కలిపి కట్టిన తెర వెనక కూర్చున్నాను. ముందు నుంచి చూసేవాళ్ళకి పది తలల రావణుడు ఊగిపోతూ కనిపిస్తున్నాడు. వెనక నాకు కనిపిస్తున్నది అరవై దాటిన ఒక పెద్దాయన. రెండు చేతుల్లో వెదురు బద్దలు, కాళ్ళ కింద చెక్కలు, మెడ మీద తడిసిన తువాలు. యుద్ధం వచ్చేసరికి ఆ చెక్కల్ని టకటకమని తొక్కుతూ, పద్యం అందుకుంటూ, ఒక చేత్తో రాముణ్ణి ముందుకి తోసి ఇంకో చేత్తో రావణుణ్ణి వెనక్కి లాగుతున్నారు. ఆ చప్పుడుకి మా వీధి కుక్కలు రెండు లేచొచ్చి తెరని చూసి మొరగడం మొదలుపెట్టాయి. జనం నవ్వారు. ఆయన ఆట ఆపలేదు, నవ్వించే జుట్టుపోలిగాడి బొమ్మని తీసి కుక్కల వైపు తిప్పి రెండు మాటలు అనిపించారు, జనం ఇంకా నవ్వారు.

ఆట అయ్యాక టీ తాగుతుంటే డిగ్రీ చదివే పిల్లాడొకడు అడిగాడు. "అక్కా, మీ ట్రస్టు అసలు దేనికి? ఒకపక్క బొమ్మలాట, ఒకపక్క కుక్కలకి సూదులు, ఎండాకాలమొస్తే చలివేంద్రం. ఏదో ఒకటి పెట్టుకోవచ్చు కదా?"

ఆ పొద్దు నిద్రమత్తులో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇదే ప్రశ్న ఐదేళ్ళుగా చుట్టాలూ, బ్యాంకులో మేనేజరూ, పెళ్ళిళ్ళలో పక్కన కూర్చున్నవాళ్ళూ అడుగుతూనే ఉన్నారు కాబట్టి ఒకసారి తీరిగ్గా రాయాలనిపించింది.

మాది ధర్మవరం దగ్గర పల్లె. మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, 2019లో పోయింది. ఆమె బతికున్నన్నాళ్ళూ ఉగాది నుంచి మృగశిర దాకా మా ఇంటి అరుగు మీద చలివేంద్రం నడిచేది. ఇసుక పరిచి, ఇసుక తడిపి, దాని మీద కుండలు. కుండ మెడకి తడిగుడ్డ. పక్కనే ఒక రాతి తొట్టి, ఎనుములకీ గొర్రెలకీ కుక్కలకీ. మనుషుల కుండ కంటే ముందు తొట్టి నింపేది, అదేమంటే "మనిషి అడుగుతాడు, అది అడగలేదు కదా" అనేది. 1952 కరువులో ఆమెకి పదహారేళ్ళట. గంజి కేంద్రం దగ్గర వరసలో నిలబడ్డది మాకు చాలాసార్లు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ గంజి గురించి కాకుండా తన వెనకాలే నడిచి వచ్చిన వాళ్ళ ఆవు గురించి చెప్పేది. దానికి పెట్టడానికి ఏమీ లేదు. అమ్మేశారు. ఎవరికి అమ్మారో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

ఆ అరుగు మీదికే బొమ్మలాట వాళ్ళు వచ్చేవాళ్ళు. ఎండాకాలం, పంటలు ఇంటికొచ్చాక, ఒక బండి మీద తట్ట నిండా బొమ్మలతో, హార్మోనియంతో, పిల్లాజెల్లాతో దిగేవాళ్ళు. మూడు నాలుగు రోజులు మా పంచలోనే వంట, మా పంచలోనే పడక. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేది మరాఠీ, తెర వెనక పాడేది తెలుగు ద్విపద, రంగనాథ రామాయణం. చిన్నప్పుడు నాకది పెద్ద వింత, పగలంతా అర్థం కాని మాట మాట్లాడే ఆవిడ రాత్రి అయ్యేసరికి సీతమ్మ అయిపోయి మా జేజిని ఏడిపించేది. వానలు రాకపోతే విరాటపర్వం ఆడించేవాళ్ళు. విరాటపర్వం ఆడితే వాన పడుతుందని నమ్మకం. అనంతపురం సీమలో వాన కోసం చెయ్యని పని లేదు.

అంటే ఈ ముగ్గురినీ, దాహమైన మనిషినీ, నోరులేని జీవాన్నీ, ఆట కట్టేవాణ్ణీ మేం కూర్చుని ఎంచుకోలేదు. వాళ్ళు మా ఇంటికి ముందే వచ్చి ఉన్నారు. జేజి పోయాక రెండు ఎండాకాలాలు అరుగు ఖాళీగా ఉంది. ఒకటి కరోనా ఖాతాలో వేసుకున్నాం, ఇంకోటి దేని ఖాతాలో వేసుకోవాలో తెలియలేదు. అప్పుడు అక్క, నేను, తమ్ముడు ఫోన్లో మాట్లాడుకుని ట్రస్టు అనుకున్నాం. జేజి పేరు మీద ఉన్న పొలం అమ్మగా వచ్చినదాన్లోంచి 18 లక్షలు పక్కన పెట్టి, అసలు ముట్టకుండా వడ్డీతో నడపాలని. వడ్డీ ఏడాదికి లక్షా పాతిక వేల దగ్గర వస్తుంది. పెద్ద డబ్బు కాదు, మాకు తెలుసు.

ట్రస్టు పెట్టడం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ మధ్య నలుగురు ఇదే అడిగారు, మాకప్పుడు చెప్పేవాళ్ళు లేరు.

దస్తావేజు రాయించి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించడం సులభమే, ఒక పూట పని. అసలు పని దస్తావేజులో 'ఉద్దేశాలు' అనే భాగం. ఆదాయపన్ను చట్టం ధర్మకార్యం అంటే ఏమిటో ఒక వరస చెబుతుంది: పేదలకు సాయం, చదువు, వైద్యం, పర్యావరణం, కళకూ చరిత్రకూ సంబంధించిన వస్తువుల్నీ కట్టడాల్నీ కాపాడడం, చివర్న ప్రజలందరికీ పనికొచ్చే ఏదైనా పని. జంతువుల పని ఆ చివరి మాటలో ఇముడుతుంది. మా ఆడిటర్ గారు చెప్పింది ఒకటే, "మీరు చేయబోయేది స్పష్టంగా రాయండి, రాయనిది తరువాత చేస్తే ఇబ్బంది." కాబట్టి తొట్టి కూడా రాశాం. 'పశువులకు, వీధి జంతువులకు తాగునీటి ఏర్పాటు' అని స్టాంపు పేపరు మీద చూసినప్పుడు అక్క కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

ఆ తరవాత పాన్ కార్డు, పన్ను మినహాయింపుకి రిజిస్ట్రేషను, దాతలకి పన్నులో రాయితీ కావాలంటే అప్పటి చట్టంలో 80జీ అనే సెక్షను కింద అనుమతి. మొదట మూడేళ్ళకి తాత్కాలికంగా ఇస్తారు, పని మొదలుపెట్టాక పక్కాది అడగాలి. వచ్చిన ఆదాయంలో ఏడాదికి 85 శాతం ఖర్చు పెట్టాలి, లేదంటే ఎందుకు పెట్టలేదో ముందే రాసిచ్చి దాచాలి. నగదుగా రెండు వేలు దాటి ఇస్తే దాతకి 80జీ వర్తించదు. ఆదాయపన్నులో కొత్త విధానం ఎంచుకున్నవాళ్ళకి అసలు 80జీ రాయితీయే లేదు, ఇది తెలియక "రసీదు ఇవ్వు, ట్యాక్సులో పెట్టుకుంటా" అనే చుట్టాలు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళకి ముందే చెప్పేస్తాను, మాట పడడం నాకిష్టం లేదు.

కుటుంబంలో ట్రస్టు అంటే అందరూ ముందు అనుకునేది ఇది మన డబ్బే కదా అని. కాదు. దస్తావేజు మీద సంతకం పెట్టిన నిమిషం నుంచి అది మన డబ్బు కాదు. మా చిన్నాయన, పాపం, రెండో ఏడు వచ్చి అడిగాడు. మనవడికి ఇంజనీరింగ్ ఫీజు కట్టాల, ట్రస్టులో చదువు కూడా ఉంది కదమ్మా, మన బిడ్డకే ఇస్తే తప్పేముంది అని. ట్రస్టు పెట్టినవాళ్ళ బంధువులకి లాభం చేరితే ఆ మేరకు మినహాయింపు పోతుంది, అది చట్టం. చట్టం లేకపోయినా అది సరికాదు. ఆ మాట ఆయనకి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. చివరికి అక్క, నేను మా జీతాల్లోంచి ఆ ఫీజులో కొంత కట్టాం, ట్రస్టు ఖాతా ముట్టలేదు. చిన్నాయన ఆర్నెల్లు మా ఇంటికి రాలేదు. ఇప్పుడు శివరాత్రికి పందిరి ఆయనే వేయిస్తాడు.

తమ్ముడి సంగతి ఇంకోరకం. వాడు టెక్సస్‌లో ఉంటాడు, అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. ట్రస్టు అనగానే అందరికంటే ముందు డబ్బు పంపుతానన్నవాడు వాడే. ఆడిటర్ గారు ఆపారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఏ దేశంలో ఉన్నా తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు మారిందంటే, పరాయి పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, వస్తుంది. అప్పుడు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషను ఉండాలి. దానికి సంస్థకి మూడేళ్ళు నిండాలి, ఆ మూడేళ్ళలో 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి, డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి. ఏడాదికి లక్షా పాతిక వేలు నడిపే మాకు అది అయ్యే పని కాదు. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళు చాలామంది ఊళ్ళో ఏదో చెయ్యాలని తపిస్తుంటారు, వాళ్ళు ఈ ఒక్క ముక్క ముందు తెలుసుకుంటే మంచిది. తమ్ముడు చాలా బాధపడ్డాడు. "నా జేజి కాదా?" అన్నాడు ఫోన్లో. నా దగ్గర జవాబు లేదు. తరవాత వాడే దారి వెతుక్కున్నాడు. రెండేళ్ళకోసారి శివరాత్రికి వస్తాడు, రాత్రంతా తెర వెనక మైకు పట్టుకుని కూర్చుంటాడు, పద్యం పద్యం రికార్డు చేస్తాడు. ఏ ఘట్టంలో ఏ రాగం, ఎక్కడ ద్విపద ఆపి మాట అందుకుంటారు, నవ్వించే కేతిగాడు బంగారక్క ఎక్కడ దూరతారు, అన్నీ నోటుబుక్కులో రాస్తాడు. ఆ పుస్తకం ఇప్పుడు మూడోది నడుస్తోంది.

ఇక అక్కకీ నాకూ జరిగిన గొడవ. ఇది రాయాలా వద్దా అని అక్కని అడిగాను, రాయమంది.

అక్క బెంగళూరులో ఉంటుంది, పదిహేనేళ్ళుగా వీధికుక్కలకి అన్నం పెడుతుంది, మాంసం ముట్టదు, తోలు చెప్పులు వేసుకోదు. దస్తావేజులో తోలుబొమ్మలాట అని చదివి ఆగిపోయింది. "మేక తోలుతో చేసే బొమ్మలకి మనం డబ్బిచ్చి, ఇంకో పేజీలో జంతు సంక్షేమం అని ఎట్లా రాస్తామే?" అంది. నేను చిన్నప్పటి నుంచి ఆ బొమ్మల్ని చూస్తున్నా, అవి తోలువి అని తెలుసు, పేరులోనే ఉంది, అయినా ఆ ప్రశ్న నాకెప్పుడూ తోచలేదు. కోపం వచ్చింది ముందు. రెండు వారాలు మాటల్లేవు.

తరవాత ఇద్దరం కలిసి నిమ్మలకుంటకి వెళ్ళాం. ధర్మవరం మండలంలోనే ఆ ఊరు, తోలుబొమ్మలు చేసే కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేం వెళ్ళిన ఇంట్లో ఒక పెద్దాయన వాకిట్లోనే పనిచేస్తున్నారు. నానబెట్టి బొచ్చు గీకేసిన తోలుని నేల మీద చుట్టూ మేకులు కొట్టి బిగించి ఆరబెట్టారు. ఆరినదాన్ని ఎండకి ఎత్తి చూపించారు, అవతల ఆయన వేళ్ళు కనపడుతున్నాయి. ఇంత పలచనైతేనే వెనక దీపం పెట్టినప్పుడు రంగు వెలుగుతుందట. దాని మీద గీత గీసి, చిన్న ఉలితో సుత్తితో చిల్లులు కొట్టుకుంటూ పోతారు. ఒడ్డాణంలో ప్రతి పూస ఒక చిల్లు, హారంలో ప్రతి రాయి ఒక చిల్లు. టక్, టక్, టక్. తెర మీద మనకి నగలు మెరిసినట్టు కనపడేది ఆ చిల్లుల్లోంచి వచ్చే దీపం వెలుతురు. అక్క అక్కడే చాలాసేపు కూర్చుంది.

అడగాల్సింది అడిగింది కూడా. ఆయన ఏమీ కష్టపెట్టుకోలేదు. "మేకని మేం కొయ్యం తల్లీ. మాంసం అంగడిలో తోలు కొనుక్కొస్తాం. ఊరు మాంసం మానేసిన పొద్దు మేం కూడా వేరేది చూసుకుంటాం" అన్నారు. లోపల్నుంచి ఒక పెట్టె తెప్పించారు. వాళ్ళ తాతల నాటి బొమ్మలు, కొన్ని మనిషంత ఎత్తువి, హనుమంతుడికి చేతుల దగ్గర అతుకుల మీద అతుకులు. "ఇవి ఆడక పదేళ్ళయింది. కొత్తవి లైటు దీపాలకి, గోడకి తగిలించేదానికి చేస్తాండాం. అవి అమ్ముడుపోతాయి. ఆట ఎవరూ పిలవరు."

అక్కడ తెగింది మా గొడవ. తోలు దీపాలకి అంగడి ఉంది, లేపాక్షి షోరూముల్లో పెడతారు, విమానాశ్రయాల్లో పెడతారు, ఈ తోలుబొమ్మల పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాటికి మా లక్షా పాతిక అవసరం లేదు. కొనేవాడు లేనిది ఆట. పాట. పాత బొమ్మలకి మరమ్మతు. కాబట్టి దస్తావేజులో అక్క చెప్పినట్టే రాశాం: ప్రదర్శనకీ, పాట నేర్పడానికీ, పాత బొమ్మల బాగుచేతకీ మాత్రమే, కొత్త తోలు వస్తువులు కొనడానికి కాదు. నాకిప్పుడనిపిస్తుంది, అక్క ఆ రోజు అడ్డుపడకపోతే మేం కూడా అందరిలాగే పది దీపాలు కొని, బహుమతులుగా పంచి, కళని ఆదుకున్నాం అనుకునేవాళ్ళం.

మొదటి ఏడు మేం చేసిన తప్పు కూడా రాయాలి. ఆట పెద్దగా ఉండాలని స్టేజీ, ఫ్లెక్సీలు, సౌండ్ బాక్సులు, నలుగురు అతిథులు, శాలువాలు, ఉపన్యాసాలు. ఆట మొదలయ్యేసరికి పదకొండు. ఒంటిగంటకి ఆపేయమన్నారు. లెక్క చూస్తే కళాకారులకి ఇచ్చినదానికంటే సౌండుకీ ఫ్లెక్సీలకీ అయిందే ఎక్కువ. ఆ లెక్క కాగితం చూస్తూ నాకు రాత్రంతా నిద్రపట్టలేదు. దానికి తోడు వాళ్ళకి డబ్బు ఇవ్వడం మూడు రోజులు ఆలస్యమైంది, చెక్కు మీద రెండో సంతకం కోసం. ఆ మూడు రోజుల్లో పెద్దాయన రెండుసార్లు ఫోన్ చేశారు, రెండుసార్లూ డబ్బు సంగతి ఎత్తకుండా మా నాయన ఆరోగ్యం అడిగి పెట్టేశారు. అంతకుముందు ఎక్కడో ఒక సంస్థ వాళ్ళని ఆడించుకుని ఎనిమిది నెలలు తిప్పిందని తరవాత తెలిసింది.

అప్పటి నుంచి మా నియమం ఒకటే. శివరాత్రికి వారం ముందే మనిషి మనిషికీ ఎవరి ఖాతాలో వాళ్ళకి డబ్బు పడాలి. ఫ్లెక్సీ లేదు. గుడి ముందే, నేల మీదే, రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి తెల్లారేదాకా. శివరాత్రి ఎందుకంటే ఊరు ఎలాగూ జాగారం ఉంటుంది. దీనికి నలభై వేలు. ఇది కాక వాళ్ళ కుటుంబాల్లో ఇద్దరు పిల్లలకి, ఒక అమ్మాయి ఒక అబ్బాయి, నెలకి పదిహేను వందల చొప్పున ఇస్తాం. బొమ్మ కొట్టడం వాళ్ళకి ఇంట్లోనే వస్తుంది, డబ్బు పాట నేర్చుకున్నందుకు. మొన్న ఆ అమ్మాయి సీతకి పాడింది. గొంతు ఇంకా లేత, పైస్థాయికి పోయినప్పుడు జీర వస్తుంది. కానీ రెండో జాములో అశోకవనం దగ్గర, నా పక్కనున్న ముసలామె కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

కుక్కల సంగతికి వస్తాను, దీని మీదే ఎక్కువ మాటలు పడ్డాం.

వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించాలని మొదట అనుకున్నాం. అది ఎవరుపడితే వాళ్ళు చెయ్యకూడదు. 2023 నిబంధనల ప్రకారం స్థానిక సంస్థ పూనుకోవాలి, జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉన్న సంస్థ చెయ్యాలి, ఆపరేషన్ తరవాత కుక్కని కోలుకునేదాకా చూసుకోవాలి. పల్లెకి అంత ఏర్పాటు ఇప్పట్లో వచ్చేలా లేదు. అందుకని మా చేతిలో ఉన్నది పట్టుకున్నాం, రేబీస్ టీకా. ఏటా జూలై 6న, జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బుల దినం) నాడు, పశువైద్యశాలల్లో కుక్కలకి ఉచితంగా వేస్తారు. 1885లో అదే తేదీన శాస్త్రవేత్త పాశ్చర్ ఒక పిల్లాడికి మొదటిసారి ఆ టీకా వేయించాడు. మందు ఉంది, డాక్టరు గారు రమ్మంటే ఊరికి వస్తారు. లేనిది కుక్కని పట్టుకునేవాళ్ళు. దానికి బడిపిల్లల్ని మించినవాళ్ళు లేరు. ఏ కుక్క ఏ ఇంటి ముందు పడుకుంటుందో, ఏది ఎవరి మాట వింటుందో పిల్లలకి తెలుసు. ఆరో తరగతి పిల్లాడొకడు జొన్నరొట్టె ముక్క చేతిలో దాచుకుని, ఎవరినీ దగ్గరికి రానివ్వని ఒక నల్ల కుక్కని మెడ కింద గోకుతూ గోకుతూ కూర్చోబెట్టాడు. డాక్టరు గారు వెనక నుంచి సూది వేసి తీసేశారు, దానికి రొట్టె అయిపోయేదాకా తెలియనే లేదు. ఏడాదికి అరవై డెబ్బై కుక్కలకి వేయిస్తున్నాం.

మూడో ఏడు మా ఊళ్ళో ఒక పిల్లాణ్ణి పక్కూరి కుక్క కరిచింది. వాళ్ళవ్వ పుండు మీద కారం, సున్నం పెట్టి కట్టుకట్టింది. కట్టు విప్పించి, కొళాయి కింద సబ్బుతో పావుగంట కడిగించి, ఆసుపత్రికి తీసుకుపోయాం. టీకా ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. కానీ ఒక్కసారితో అయ్యేది కాదు. కరిచిన రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. నాలుగుసార్లు పిల్లాణ్ణి తీసుకుని పోవాలంటే వాళ్ళమ్మకి నాలుగు రోజుల కూలి పోతుంది. మూడోదానికే "పుండు మానింది కదక్కా" అంది. మానింది పుండే, రేబీస్ లక్షణాలు బయటపడితే ఇక మనిషి దక్కడం దాదాపు లేదు. ఆ రోజు మాకు అర్థమైంది, టీకా ఊరికే ఇస్తున్నా అది పేదవాళ్ళకి ఊరికే రావడం లేదు. అప్పటి నుంచి కుక్క కరిచినవాళ్ళకి, తోడు పోయేవాళ్ళకి నాలుగు రోజులకీ కూలీ లెక్కన ఇస్తున్నాం, ఇరవై ఎనిమిదో రోజుది కూడా. 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం కాబట్టి ఛార్జీల బాధ తగ్గింది, కూలి బాధ అట్లాగే ఉంది. ఏడాదికి పన్నెండు వేలు దాటని ఖర్చు ఇది. మా ట్రస్టు మొత్తంలో నాకు బాగా తృప్తినిచ్చే పన్నెండు వేలు ఇవే. దీన్ని మనుషుల ఖాతాలో రాయాలా జంతువుల ఖాతాలో రాయాలా అని ఆడిటర్ గారు అడిగారు. మీకెట్లా తోస్తే అట్లా రాయండి అన్నాను.

మా పెద్దమామ మాత్రం ఒప్పుకోడు. "ఊళ్ళో పేదోళ్ళు ఇంతమంది ఉంటే ఆటలకీ కుక్కలకీ పెడతారా?" అంటాడు ప్రతి సంక్రాంతికీ. ఆయనకి నేను రుక్మిణీదేవి అరండేల్ సంగతి చెప్పాను. 1936లో మద్రాసులో కళాక్షేత్రం పెట్టిన ఆమె, భరతనాట్యానికి గౌరవం తెచ్చిన ఆమె, 1952లో రాజ్యసభకి వెళ్ళాక పట్టుబట్టింది డ్యాన్సు గురించి కాదు, మూగజీవాల గురించి. ఆమె సొంతంగా పెట్టిన బిల్లు వెనకాలే 1960లో జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది, 1962లో జంతు సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలు ఆమే. అదే కళాక్షేత్రంలో నాట్యం నేర్చుకున్న సినీనటి అమల గారు 1992లో హైదరాబాద్‌లో జంతువుల కోసం బ్లూక్రాస్ మొదలుపెట్టారు. డబ్బున్న పెద్ద కుటుంబాల్లో చూసినా, ముంబైలో ఎన్‌సీపీఏ లాంటి కళాకేంద్రం వెనక ఉన్న టాటా ట్రస్టుల నుంచే 2024లో మహాలక్ష్మి దగ్గర జంతువుల ఆసుపత్రి వచ్చింది. ఒకదాన్ని కన్నార్పకుండా చూడడం అలవాటైన మనిషికి పక్కనున్నది కూడా కనపడుతుందనుకుంటాను. మామ అంతా విని "వాళ్ళంటే గొప్పోళ్ళు" అన్నాడు. కానీ పోయిన జూలైలో వాళ్ళ కుక్కని తనే తాడు కట్టి తీసుకొచ్చాడు, వరసలో నిలబడ్డాడు.

తొట్టి గురించి రాసి ఆపుతాను. జేజి నాటి రాతి తొట్టి రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. మేం సిమెంటుది కట్టించాం, బాగా లోతుగా, మూడడుగుల ఎత్తు, నీళ్ళు ఎక్కువ పడతాయని. ఎనుములు తాగాయి. గొర్రెలకి అందలేదు. రెండో వారంలో పొద్దున్నే చూస్తే నీళ్ళలో ఒక ఉడుత తేలుతోంది, ఎక్కి బయటికి రావడానికి లోపల పట్టు లేదు. అక్క ఫోన్లో ఏడ్చింది. మేస్త్రీని పిలిపించి ఒక పక్క అడుగున్నర ఎత్తుకి తగ్గించాం, లోపల ఒక బండని ఏటవాలుగా పెట్టించాం, ఏది పడినా దాని మీదుగా ఎక్కి రావచ్చు. జేజి తొట్టిలో కూడా ఒక రాయి ఏటవాలుగా ఉండేది, చిన్నప్పుడు దాని మీద కాళ్ళు పెట్టి ఆడుకునేవాళ్ళం. ఎందుకుందో ఎప్పుడూ అడగలేదు.

వారానికోసారి శుక్రవారం తొట్టి ఖాళీ చేసి, పాచి గీకి, సున్నం కొట్టి మళ్ళీ నింపే పని ఎదురింటి తాత చూస్తాడు. ఆయనకి నెల నెలా ఇచ్చేదీ చలివేంద్రం ఖర్చూ కలిపి ఇరవై నాలుగు వేలు. ఈసారి ఉగాది మార్చి 19న. ఈ ఆదివారం కుమ్మరాయన దగ్గరికి పోయి కుండలు చెప్పి రావాలి. ఐదు చాలు కానీ ఆరు చెబుతాను, తెచ్చేటప్పుడు ఒకటి పగులుతుంది.